భయపెట్టని దెయ్యం కావలెను

హిందీ మాట్లాడే ఊళ్లో, సీతారాండేరా పేటలోని తెలుగు సంఘం గ్రంథాలయానికి వసంతలక్ష్మి ఏళ్ల తరబడి జీతం లేని లైబ్రేరియన్. ఇప్పుడు ఆ గది మీద పెద్దల కన్ను పడింది. సంఘం హాల్లో జరిగే పెళ్లిళ్లకి వంట గుండిగలు పెట్టుకునే చోటు చాలడం లేదట. ఉగాదిలోగా పిల్లలు వస్తే గది పుస్తకాలకి, లేకపోతే గుండిగలకి అని తేల్చేశారు. చదివే నోళ్లకన్నా తినే నోళ్లే ఎక్కువ, వాళ్లని మాత్రం ఏమనగలం?

ఏడో తరగతీ ఎనిమిదో తరగతీ మగపిల్లల్ని లాక్కురావాలంటే దెయ్యమే దిక్కని ఆవిడకి తోచింది. బీరువాలో పాత దెయ్యం కథలు బోలెడున్నాయి. కానీ సంఘం అధ్యక్షుడు సుందరరామయ్య గారు ఒప్పుకోవాలి కదా. ఆయన ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలినా సేఫ్టీ ఆయన్ని వదల్లేదు. నెత్తురున్న కథ వద్దన్నారు, శ్మశానమున్నది అసలే వద్దన్నారు. దీపం ఆరిపోయే కథ చూసి, అక్కడ ఎమర్జెన్సీ లైటు ఎందుకు లేదని నిలదీశారు. చివరికి ఆయన వడపోతలో మిగిలింది, పిల్లలకి ఎక్కాలు నేర్పే దెయ్యం.

"పిల్లలు జడుసుకుంటే బాధ్యత ఎవులదమ్మా?" అన్నారు.

వసంతలక్ష్మికి ఒళ్లు మండింది. అయినా ఆదివారం సమోసాలు ఎర చూపి కొందరిని పోగుచేసి, ఆ ఎక్కాల దెయ్యాన్నే చదివి వినిపించింది. సుందరరామయ్య గారి మనవడు అభినవ్ ఆవలించాడు. "ఇస్ మే డర్ కహా హై, ఆంటీ?" అన్నాడు. భయమెక్కడుందని వాడి బాధ. మిగతావాళ్లు సమోసాలు అవగానే చెప్పుల వైపు చూశారు. ఇక గది గుండిగలదే అనుకుని ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు సుందరరామయ్య గారు లేచారు. ఫ్యాక్టరీలో ఏ మీటింగులోనైనా ముందు సేఫ్టీ టాక్ ఉంటుంది. ఆయన ఆ అలవాటుని సత్యనారాయణ వ్రతాల దాకా తెచ్చారు. ఆ రోజు ఆలస్యంగా వచ్చారు కాబట్టి చివర్లో అందుకున్నారు.

"ఖాళీ ట్యాంకులో పానా పడిపోనాది. తీద్దామని ఒకడు దిగాడు. పిలిత్తే పలకలేదు. ఆడికేటైందోనని ఇంకోడు దిగాడు. ఆడూ పలకలేదు. మూడోవోడు నిచ్చెన మీద కాలెట్టాడు." గొంతు సవరించుకున్నారు. "ఆ మూడోవోడ్ని నేనే. ఎవులో ఎనకనుంచి కాలరట్టుకు లాగీసారు. తిరిగి చూత్తే ఎవులూ లేరు. కాబట్టి పిల్లలూ, పర్మిట్ లేకుండా ట్యాంకులోకి దిగకూడదు."

చెప్పుల సంగతే ఎవరికీ గుర్తులేదు.

ఆ వారమంతా పిల్లలు బాత్రూముకి ఒంటరిగా వెళ్లడం లేదని తల్లులు గోల. సుందరరామయ్య గారు కమిటీలో మండిపడ్డారు. అంతా ఆ ఎక్కాల దెయ్యం కథ నిర్వాకమేనట. దెయ్యం పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేయించారు. పిల్లల భయం పోగొట్టడానికి ప్రతి ఆదివారం అదే గదిలో తనే సేఫ్టీ టాక్ ఇస్తానని తీర్మానం చేయించారు. గుండిగల ఊసు మళ్లీ ఎత్తలేదు. వసంతలక్ష్మి ఆదివారానికి కుర్చీలు వేసింది.

గది నిండిపోయింది. టాక్ అయ్యాక అందరూ వెళ్లినా అభినవ్ మాత్రం బీరువా దగ్గరే తచ్చాడుతున్నాడు. లోపల అంత ప్రమాదమైనవి ఏమున్నాయని హిందీలో గుసగుసగా అడిగాడు.

"మీ తాతగారు వద్దన్న కథలు. అన్నీ తెలుగులో ఉన్నాయి. నీకు చదవడం రాదుగా?"

వాడు గుమ్మం వైపు ఓసారి చూసుకున్నాడు.

"సిఖా దో నా, ఆంటీ," అని నేర్పమని బతిమాలాడు.

ఆవిడ కొంగుముడి విప్పి తాళంచెవి తీసింది.