చేతికి తిరిగే నట్లు

1998 నవంబరు, గురువారం. నర్సీపట్నం షెడ్డులో ఉన్నవారు: నేను, మా అమ్మ, ముసలి మెకానిక్కు.

మా పాత కారు ముందు చక్రానికి రెండు నట్లు పోయాయి. మర్నాడు అమ్మను కొండదారిలో కొయ్యూరు తీసుకెళ్లాలి. నేను కొన్న జీపు నట్లను ఆయన ఎప్పటిలాగే కళ్లు మూసుకుని, వేళ్లతో చక్రం బోల్టుల మీద తిప్పి చూశాడు. ఒక చుట్టుకే పట్టేశాయి.

"పానాతో బిగించెయ్యండి," అన్నాను.

"సేతికి తిరగనిది సెక్రానికి ఎక్కించనండి. ఘాటీలో ఊడితే అమ్మగారు తిట్టేది మిమ్మల్నా, నన్నా?"

"ఇద్దరినీ," అంది అమ్మ.

పాత ఇనుప కొట్లన్నీ గాలించి, సాయంత్రానికి సరైన నట్లు తెచ్చి బిగించాడు.

మర్నాడు ఉదయం, కొండదారి మొదట్లో సైకిలు పట్టుకుని ఆయన నిలబడి ఉన్నాడు.

"నట్లు మార్చాక కొంత దూరం తిరిగితే వదులవుతాయండి. ఓపాలి సూస్తాను," అంటూ చక్రం దగ్గర కూర్చున్నాడు.