దసరాకి మార్చిన టైర్లు

నేను అబద్ధాలు చెప్పను. ఉన్నదాన్ని కొంచెం పెద్దది చేసి చెబుతాను, అంతే. యర్రగొండపాలెం అడవి దారిలో పులి అడ్డమొస్తే హారన్ కొట్టినాననీ, అది పక్కకి జరిగి తోకతో సైడిచ్చిందనీ ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. ఆ రోజు ఎదురొచ్చింది నక్క. సైడిచ్చింది నేను.

మా పికప్పు బండి సంగతిలో మాత్రం ఇంకాస్త ఎక్కువ పెద్దది చేసినాను. ఆ ఏడాది రాతి పలకల లోడ్లు తగ్గిపోయి, బండి ఎండాకాలమంతా మార్కాపురంలో మా ఇంటి ముందు ఒకేచోట నిలబడింది. టైర్లు పాలిపోయినాయి. దసరా పూజకి మా డ్రైవర్లందరం చేసే పనే నేనూ చేసినాను. కాలిన ఇంజన్ ఆయిల్లో డీజిల్ కలిపి, గుడ్డతో నాలుగు టైర్లకీ పట్టించినాను. నిగనిగలాడినాయి. ఆర్నెల్లుగా టైర్లు మార్చమని పోరుతున్న మా ఆవిడ చక్రాల కింద నిమ్మకాయలు పెడుతూ, "కొత్తవి ఏసినావా?" అనింది.

"ఏసినా."

అంతటితో ఆగొచ్చు. "పులి గోరు గీకినా గీత పడదు" అని కూడా అన్నాను.

రెండు నెలలకి గిద్దలూరులో మా అత్తకి కంటి ఆపరేషన్ కుదిరింది. అత్తంటే మా ఆవిడ తల్లి, మా నాయన చెల్లెలు కూడా, నా కోతలన్నీ నా చిన్నప్పటి నుంచి విన్న మనిషి. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోదాని మీద పొర ముదిరింది. పదింటికల్లా ఉండాలన్నారు. బస్సులో పోదామంటే వినలేదు. "అల్లుడికి బండి పెట్టుకొని నేను బస్సెక్కాల్నా?" అనింది.

ఊరు దాటక ముందు గాలి పట్టించడానికి టైర్ల దుకాణం దగ్గర ఆపినాను. ఆడవాళ్ళిద్దరూ క్యాబిన్లో కూర్చున్నారు. దుకాణం భాయ్ ముందు టైరు దగ్గర వంగి, గోరుతో గీకి, నన్ను వెనక్కి పిలిచినాడు.

"అన్నా, ఇవి చచ్చిపోయినాయి."

"గ్రిప్పు నిండుగా ఉంది గదా భాయ్."

"గ్రిప్పు చూసి మురుస్తా ఉండావు. పక్కలు చూడు."

చూసినాను. చక్రం చుట్టూ సన్నని పగుళ్ళు. ఒకదాంట్లోకి ఆయన గోరు సగం దిగింది. లోపల దారాలు కనబడినాయి.

"డీజిల్ ఎవరు పూసినారు?"

"దసరాకి..."

"ఎండ సగం తినింది, నువ్వు మిగతా సగం తినిపించినావు. స్టెప్నీ?"

స్టెప్నీకీ పూసినాను. ఆయన గాలి పైపు చుట్టేసి, "ఇంటికి పో. మెల్లగ పో" అని లోపలికి పోయినాడు.

ఇంటికి పోతే ఎందుకో చెప్పాలి. అందుకని గిద్దలూరు వైపు తిప్పినాను.

ఎడమ పక్క అద్దం దిగదు. దాని పక్కన మా ఆవిడ, మధ్యలో అత్త, ఆమె మోకాలు గేరు రాడ్‌కి ఆనుకొని ఉంది. గేరు మార్చాలన్నా ఆమెని అడగాలి. నేను బండిని ముప్పై దాటనివ్వలేదు. వెనక లారీలు హారన్ కొట్టి దాటిపోతున్నాయి. ప్రతి గుంతకీ నా చెవి కిందికి పోతోంది. బ్రేకు కొట్టాలంటే భయం, తొక్కాలంటే భయం, నోరు తెరవాలంటే అంతకంటే భయం.

"ఏందబ్బయ్యా, పాడె మోస్తున్నట్ల పోతాండావు?" అనింది అత్త.

"నీకు కుదుపు లేకుండా, అత్తా."

కంభం దాటినాక ముందు చక్రం నుంచి టపటపమని చప్పుడు మొదలైంది. దిగి చూస్తే పక్కన కోడిగుడ్డంత బుడిపె లేచి ఉంది. ఇంకో మైలు పోతే పగులుతుంది. అప్పుడు రోడ్డు మీద ఉంటామో, కింద చేలో ఉంటామో తెలీదు. మళ్ళీ ఎక్కి కూర్చోని, స్టీరింగు పట్టుకొని, జీవితంలో మొదటిసారి ఏమీ కలపకుండా చెప్పినాను.

"ఈ టైర్లు కొత్తవి గాదు. పగిలి ఉండాయి. ఈ బండి ఇంక పోకూడదు. బస్సెక్కండి."

అత్త నవ్వింది. "పులి కూడా వచ్చిందా?"

"నిజం అత్తా."

"నాకు తెలుసులే. ఆసుపత్రిలో మూడు రోజులు కూర్చోవాలని వీడికి బాధ."

"దసరాకేగా ఏసినావు?" మా ఆవిడ నా వైపు చూడకుండా అనింది. "మాయమ్మని తీస్కపోవడం ఇష్టం లేకపోతే ఇంటికాడే చెప్పొచ్చు గదా. తొమ్మిదవుతోంది, పోనీ."

దిగి చూడమంటే ఇద్దరూ కదల్లేదు. నిజం చెప్పినా దిగని మనుషుల్ని ఏం చేయాలో నాకు తెలీలేదు. నేను దిగి, ముందు టైరు వాల్వులో పుల్ల పెట్టి నొక్కినాను. గాలి బుస్సుమని పోయింది. బండి ఒక పక్కకి వంగింది. రెండో ముందు టైరు గాలి కూడా తీసేసినాను.

మా ఆవిడ దిగి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. మార్కాపురం నుంచి వచ్చే బస్సుకి చెయ్యెత్తి, తల్లిని ఎక్కించుకొని పోయింది. పదికి ఐదు నిమిషాల ముందు చేరినారంట.

కన్ను బాగైంది. నేను మాత్రం చుట్టాలందరిలో, అత్త ఆపరేషన్ ఎగ్గొట్టడానికి సొంత బండికి గాలి తీసిన అల్లుణ్ణయినాను. పామూరులో పెళ్ళికి పోతే అక్కడా ఇదే. ఎదురు చెప్పలేదు. అది నమ్మినంత కాలం దసరా మాట ఎవరూ ఎత్తరు.

పది రోజులకి అత్త నల్లద్దాలు పెట్టుకొని మా ఇంటికొచ్చింది. లాక్కొచ్చి నిలబెట్టిన బండి దగ్గర ఆగి, అద్దాలు పైకెత్తి, వంగి టైరుని చాలాసేపు చూసింది. పగులులో గోరు పెట్టి చూసింది. దిగింది.

"పాపం, వీడు నిజమే చెప్పినాడే" అనింది.

మా ఆవిడ గడపలో నుంచి వచ్చి, అమ్మ పక్కనే వంగింది. తర్వాత ఇద్దరూ లేచి నా వైపు తిరిగినారు. నా వెనక గోడ, ముందర బండి.

"అయితే దసరాకి ఏసినవి ఏవి?" అనింది మా ఆవిడ.