ప్రోగ్రాములకు పిల్లనిచ్చే పెద్దమనిషి

ఆసుపత్రి కంప్యూటర్ల అధికారి అబూ మిఖ్లద్ గారికి ఒకటే పిచ్చి. కంప్యూటర్ ప్రోగ్రాముని పెళ్లికొడుకులాగా చూసేవారు. ఆసుపత్రిలో ఏ విభాగం వాళ్లయినా వచ్చి తమ ప్రోగ్రాముని ఆయన లాగిన్ వ్యవస్థకి కలపమంటే దరఖాస్తు ముట్టుకునేవారు కాదు. "పెద్దల్ని తీసుకుని రండి" అనేవారు.

పిల్లనడగడానికి జాహా, అంటే పెద్దల బృందం, కట్టుకుని వెళ్లడం అమ్మాన్ నగరంలో అందరూ చేసేదే. పదిమంది పెద్దలు వెళ్తారు. పిల్ల తరఫువాళ్లు ఏలక్కాయ కాఫీ పోస్తారు. వచ్చినవాళ్లు కప్పు కింద పెట్టి కూర్చుంటారు. "ఇచ్చాం, కాఫీ తాగండి" అనిపించుకునేదాకా రెండు వైపులా ఒక్కరూ పెదవి తడపరు. ఆ మర్యాదంతా పెళ్లిళ్లకి. అబూ మిఖ్లద్ గారికి మాత్రం ఉద్యోగుల పేర్ల జాబితాయే కూతురు. పద్నాలుగు వందల చిల్లర పేర్లు, ఒక్కొక్కరికి ఒక్కటే పాస్‌వర్డు. ఆ పిల్లని ఎవడికి పడితే వాడికి ఇస్తారా?

ఇలాంటి మామగారి కింద పనికి చేరాడు సుహైబ్. జర్మనీలో చదువుకొచ్చాడు గనక తనకి అన్నీ తెలుసనుకునేవాడు. రంజాన్‌లోపు ఇరవైమూడు ప్రోగ్రాములనీ ఒకే లాగిన్‌కి కలపమని డైరెక్టరు గారి ఆజ్ఞ. ఒక్కోదానికి అరగంట చొప్పున సుహైబ్ రంగురంగుల పట్టిక వేసి గోడకి అంటించాడు. ఆ పట్టిక గుర్తొస్తే ఇప్పటికీ తన తెలివికి తనే నవ్వుకుంటాడు.

మొదట ఎక్స్‌రే విభాగం పెద్ద డాక్టరు ఒంటరిగా వచ్చాడు.

"పెళ్లికొడుక్కి నా అన్నవాళ్లు లేరా?" అన్నారు అబూ మిఖ్లద్.

"ప్రోగ్రాముకి చుట్టాలేమిటండీ?"

"దాన్ని రోజూ తెరిచేవాళ్లెవరు? జబ్బు చేస్తే చూసేవాళ్లెవరు? అందరినీ తీసుకురా. ఫిల్ములు మోసేవాణ్ణి కూడా."

గ్రంథాలయం వాళ్ల సంబంధమైతే వెనక్కే పోయింది. వాళ్ల ప్రోగ్రాము అందరి పాస్‌వర్డులూ తన దగ్గర ఉన్నదున్నట్టు రాసి పెట్టుకుంటోంది. "అత్తారింటి తాళాలు జేబులో వేసుకుని ఊరేగే అల్లుడు మాకొద్దు. బుద్ధి నేర్పి తీసుకురండి" అన్నారు. నేర్పడానికి మూడు వారాలు పట్టింది.

రక్తపరీక్షల విభాగం జాహా నాడు సుహైబ్ మర్యాద చూడవలసిందే. లాప్‌టాప్‌లో తల దూర్చి, చెయ్యి చాచి, కప్పెత్తి గటగటా తాగేశాడు. గదిలో తొమ్మిదిమందీ ఆ ఖాళీ కప్పు వైపే చూశారు. అబూ మిఖ్లద్ మెల్లగా తల తిప్పారు.

"నాయనా, ఇంకా ఇస్తామనలేదుగా?"

"ఏదో ధ్యాసలో తాగేశానండీ."

"జర్మనీలో పాఠాలు చెప్పారు గానీ పెంపకం మాత్రం మీ అమ్మదే. ఆవిడకి ఫోను చెయ్యమంటావా?"

ముహూర్తం వచ్చే వారానికి పోయింది. సుహైబ్ వాళ్లమ్మకి సాయంత్రానికల్లా సంగతి తెలిసింది. ఎవరు చెప్పారో ఆవిడ చెప్పలేదు.

చివరికి మిగిలింది వంటింటి ప్రోగ్రాము. ఏ రోగికి ఉప్పు లేకుండా, ఎవరికి చక్కెర లేకుండా పంపాలో అందులో ఉంటుంది. "దీనికైనా జాహా వద్దండీ. ఐదు నిమిషాల పని" అన్నాడు సుహైబ్. అబూ మిఖ్లద్ విననట్టే, "గిన్నెలు కడిగేవాళ్లతో సహా రమ్మను" అన్నారు.

గురువారం పొద్దున ఏడుగురొచ్చారు. కాఫీలు పోశారు.

"రోజూ దీన్ని తెరిచేదెవరు?"

వంటింటి అధికారి పైకప్పు చూస్తూ, "నజాహ్ గారండీ" అన్నాడు.

"నజాహ్ రిటైరై పదకొండేళ్లయింది కదయ్యా."

అందరి వెనక నుంచి ఉమ్ సనద్ అనే పెద్దావిడ గొంతు వచ్చింది. "నేనే బాబూ తెరిచేది. నజాహ్ పోతూ పోతూ తన పేరు నాకిచ్చి పోయింది. నన్ను కాంట్రాక్టరు తెచ్చి పెట్టాడు. మీ జాబితాలో నేను లేను. ఆ పేరు మూసేస్తే నేనింక ఇంటికేనా?"

ప్రోగ్రాముని లాగిన్‌కి కలిపిన క్షణంలోనే రిటైరైనవాళ్ల పేర్లు వాటంతటవే మూసుకుపోతాయి. ఆ సదుపాయాన్ని సుహైబ్ తన పట్టికలో గొప్పగా ఎర్ర గీత గీసి మరీ రాసుకున్నాడు. ఇప్పుడు ఆ ఎర్ర గీత తలుచుకుంటే అతనికి సిగ్గేసింది.

అబూ మిఖ్లద్ లేచారు. "కాఫీలు అక్కడే ఉంచండి. అడగడానికి ఈసారి మనం వెళ్దాం."

తొమ్మిదిమందీ సిబ్బంది విభాగంలోకి వెళ్లి కూర్చున్నారు. అక్కడి అధికారి రాతిబ్ గారి బల్ల మీదికి వెళ్లిన కాగితం ఆరు నెలలకి గానీ బయటికి రాదు. అయినా ఇంటికొచ్చినవాళ్లకి కాఫీ ఇవ్వకపోతే పరువు పోతుంది గనక పోయించాడు. అబూ మిఖ్లద్ కప్పు బల్ల మీద పెట్టారు. మిగతావాళ్లూ పెట్టారు. సుహైబ్ జాగ్రత్త కోసం రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

"ఇది ఆఫీసండీ, అబూ మిఖ్లద్. పోస్టు మంజూరవ్వాలి, కమిటీ కూర్చోవాలి."

"కూర్చోనివ్వండి. మేమూ కూర్చునే ఉన్నాంగా."

"కాఫీ చల్లారిపోతోంది, తాగండి."

"ఉమ్ సనద్‌కి రిజిస్టరులో పేరు ఇచ్చారా?"

తలుపు తెరిచే ఉంది. దారినపోయే నర్సులు ఆగి, ముట్టని తొమ్మిది కప్పుల్నీ రాతిబ్ గారి మొహాన్నీ మార్చి మార్చి చూశారు. మధ్యాహ్నానికల్లా ఊరంతా ఏమనుకుంటుందో ఆయనకి తెలుసు. మెడ తుడుచుకున్నాడు. రిజిస్టరు తెప్పించాడు. సంతకం పెట్టి, "ఇచ్చాను, తాగండి మహానుభావా" అన్నాడు. మంచులాంటి కాఫీని అందరూ అమృతంలా తాగారు.

తర్వాత సుహైబ్ జాబితా తిరగేశాడు. జరిగిన జాహాల్లో ముప్పై ఒక్క పేర్లు కొత్తగా చేరి ఉన్నాయి. అందరూ ఇంకొకరి పేరుతో ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లే. ఫిల్ములు మోసే అతనూ ఉన్నాడు. వాళ్లని కనిపెట్టడానికే ఈయన ఊరందరినీ పిలుస్తున్నారని, అరగంట పనివాడైన తనకి ఇన్నాళ్లూ తట్టనే లేదు.

ఆదివారం వంటింట్లో ఉమ్ సనద్ తన సొంత పాస్‌వర్డు కొట్టింది. తెర మీద "స్వాగతం, ఫిద్దా సాలిమ్" అని వచ్చింది. ఆవిడ చాలాసేపు చూసింది.

"సనద్ పుట్టాక అందరికీ సనద్ వాళ్లమ్మనే అయిపోయాను బాబూ. ఈ పేరుతో నన్నెవరైనా పిలిచి ముప్పై ఏళ్లయింది. రేపు కూడా పిలుస్తుందా?"

"రోజూ పిలుస్తుంది పిన్నీ."

"మూసేసి మళ్లీ తెరిస్తే?"

"అప్పుడూ పిలుస్తుంది."

ఆ రోజు సాయంత్రం సుహైబ్‌కి భద్రతా హెచ్చరిక వచ్చింది. వంటింటి కంప్యూటరులో ఒకే మనిషి నలభై ఏడుసార్లు లాగిన్ అయ్యారు, విచారించగలరు అని. సుహైబ్ "విచారించాను, అనుమానించవలసింది ఏమీ లేదు" అని రాసి మూసేశాడు.