బొట్టు పెట్టని తుమ్మ దిమ్మ

పున్నయ్య మంచివాడు. ఈ మాట ముందే చెప్పేయడం నయం. ఎందుకంటే ఈ కథలో పాడైన ప్రతి వస్తువూ ఆయన చేతిలోనే పాడైంది, చదివేవాళ్ళు ఆయన్ని తిట్టుకుంటారేమోనని నాకు బెంగ.

కథ మాత్రం ఆయనది కాదు, ఆయన భార్య శివపార్వతిది. కురుగోడు దగ్గర కాలవ కింద వరి పండించే వలస రైతుల క్యాంపు ఒకదానిలో పుట్టి, అదే కాలవ కింద ఇంకో క్యాంపుకు కోడలైంది. తాతలు గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళే గానీ ఈమె మాట పక్కా బళ్ళారి మాట. పదో తరగతితో చదువు ఆగింది. చేతులు మాత్రం ఊరుకోలేదు. పుట్టింట్లో పారకు పిడి ఊడినా, మంచం కోడు విరిగినా నాన్న ముందు పిలిచేది ఈ పిల్లనే.

పెళ్ళయ్యాక ఆ సంగతి అందరూ మరిచిపోయారు, తనతో సహా. కూతురు బిందుశ్రీ హాస్టలుకు వెళ్ళిన ఏడు పొలానికి కొత్త పంపుసెట్టు వచ్చింది, దాన్ని చుట్టుకొని ఒక చెక్కపెట్టె. ఆ పెట్టె విప్పి పీట చేసింది. దాని మీద మొదట కూర్చున్నది పున్నయ్య, మొదట కిందపడ్డదీ ఆయనే. రెండో పీట నిలబడింది. ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరం? ఫోన్లో వీడియోలు చూసింది, రంపాలు కొంది, చెక్కలో గాడి తీసే రౌటర్ యంత్రం కొంది, చివరికి ట్రాక్టరు పక్కనున్న రేకుల షెడ్డులో ఎరువు మూటలన్నీ వరండాలోకి నెట్టేసి అక్కడ బల్ల వేసుకుంది.

ఎరువు వాసనకు ఇంటికొచ్చిన చుట్టాలు తుమ్మడం మొదలుపెట్టారు. పున్నయ్య కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు, ఆ తర్వాత షెడ్డు మాట ఎత్తాడు. సరిగ్గా అప్పుడే గురురాజ పని తెచ్చాడు.

గురురాజది బళ్ళారి బజారులో తాతల నాటి అంగడి. పసుపుకొమ్ములు, శొంఠి, కరక్కాయ, పూజ సామాను అమ్ముతాడు. గోడ నిండా సొరుగుల బీరువా. అందులో సగం సొరుగుల్ని చెదలు తినేశాయి. పాత వాటి పక్కన పెడితే కలిసిపోయేలాంటి సొరుగులు కావాలి, విజయదశమి పొద్దున వాటిలో సరుకు పోసి అంగడి తెరవాలి అన్నాడు. ఆలస్యమైతే ఇనప ర్యాకులు పెట్టించేస్తానని కూడా అన్నాడు.

పున్నయ్య దీన్నే పట్టుకున్నాడు. దసరాకు సొరుగులు చేరితే షెడ్డు శివపార్వతిది, చేరకపోతే ఎరువు మూటలది. ఆమె సరేనంది గానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. షెడ్డు పోతే మళ్ళీ వంటిల్లూ, టీవీ సీరియళ్ళే గదా.

పాత సొరుగు మూలలు మేకులతో కొట్టినవి కావు. ఒక చెక్క చివర పావురం తోకలా విచ్చుకున్న పళ్ళు, ఇంకో చెక్క సందుల్లోకి కూర్చుని బిగుసుకుంటాయి. డవ్‌టెయిల్ అంటారు. లాగే కొద్దీ బిగుస్తుందే తప్ప ఊడదు. ఆ పళ్ళు రౌటరుతో ఒక్కతీరుగా రావాలంటే చెక్కను పట్టి ఉంచి దారి చూపించే అచ్చు కావాలి. దాన్నే జిగ్ అంటారు. ఏ జిగ్ కొనాలన్నది ఆమెకు పెద్ద చిక్కైపోయింది.

తమ్ముడు రవితేజ కూరెకుప్ప దగ్గర ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఇనుమంటే వాడికి భక్తి. మంచమంత జిగ్ ఒకటి ఫోన్లో చూపించి ఇదే కొనాలన్నాడు. జానెడు సొరుగుకు అంత రథమెందుకని ఆమె దాన్ని పక్కన పెట్టింది. అన్నిటికన్నా చిన్నది, చవకది ఇంకోటి ఉంది. దాని పళ్ళన్నీ ఒకే కొలత, కదలవు. గురురాజ తాత చేయించిన సొరుగులో పళ్ళు అంచుల్లో సన్నం, నడుమ వెడల్పు. ఆమె పాత సొరుగు మూల మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది ఆ అచ్చు తెచ్చుకుంది.

అయినా మనసు తేలలేదు. దాంతో ఎండిన తుమ్మమొద్దు ఒకటి తీసుకుని, ఒక ముఖం వాలుగా చెక్కి, తానే ఒక దిమ్మ చేసుకుంది. చెక్క అంచున దాన్ని పెట్టి, వాలు ముఖానికి రంపం ఆనించి కోస్తే పన్ను వాలు తప్పదు. దాంతో నాలుగు మూలలు కోశాక గానీ తనకేం కావాలో ఆమెకు తెలిసి రాలేదు: పళ్ళు కావలసిన చోటికి జరుపుకునేది, పలచటి చెక్కనూ కదలకుండా పట్టేది. అలాంటి నడిమిరకం జిగ్ బెంగుళూరు నుంచి తెప్పించింది. అది వచ్చిన రోజు రవితేజ తుమ్మ దిమ్మను తిరగేసి చూసి, నీళ్ళ పొయ్యికి పనికొస్తుందిలే అక్కా అని కట్టెల్లోకి విసిరాడు.

కొత్త జిగ్ బంగారంలా పనిచేసింది. పాత తలుపుల టేకుతో సొరుగులన్నీ ఆయుధ పూజ ముందురోజుకే పూర్తయ్యాయి. నూనె రాసి షెడ్డు ముందు ఆరబెట్టింది. ఇక గెలిచినట్టే అనుకుంది.

పూజ రోజు పొద్దున ఆమె ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసే పనిలో ఉండగా పున్నయ్య ముచ్చటపడి షెడ్డులోని పనిముట్లన్నీ పీటల మీద పేర్చాడు. రౌటరు, జిగ్, పట్టుగర్ర, సుత్తులు, దేన్నీ వదల్లేదు. బొట్లు పెట్టి బంతిపూలు చుట్టాడు. ఒకసారి పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటి పొద్దుటి దాకా కదపకూడదు. ఆ నేమం ఇద్దరికీ ప్రాణం. హారతిచ్చి బయటికొస్తే కుళాయి గట్టు మీద తన సన్న రంపం, అరటి జిగురు కారుతూ. దాని పక్కనే ఉలి, గుమ్మడి గింజలు అంటుకుని. కొడవలి మొద్దుబారిందని పున్నయ్య రంపంతో అరటి పిలకలు కోశాడట, ఉలితో బూడిద గుమ్మడికాయకు కన్నం పెట్టాడట. మైల పడ్డాయని వాటిని మాత్రం పూజలో పెట్టలేదట! పండగ పూట నోరు జారకూడదని ఆమె పళ్ళు బిగబట్టుకుంది.

మధ్యాహ్నం ట్రాక్టరు వంతు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఒక్క అడుగు ముందుకు నడిపి వాటిని తొక్కించాలి. పున్నయ్య దండం పెట్టుకుని గేరు వేశాడు. ట్రాక్టరు వెనక్కి పోయింది. నిమ్మకాయలు చితకలేదు. వెనక ఆరుతున్న సొరుగుల్లో చివరిది చితికింది.

శివపార్వతి ఏడవలేదు. ఆ చెక్కముక్కల ముందు చతికిలబడింది. ఒక్క సొరుగు ఖాళీగా ఉన్నా గురురాజ ఒప్పుకోడు, శుభమా అని అంగడి తెరిచే రోజు.

పున్నయ్య బండి దిగొచ్చి మెల్లగా అన్నాడు. "జిగ్గు తీసుకో శివా. దేవుడు చూసీ చూడనట్టు పోతాడులే."

"పొద్దున నేనే దండం పెట్టుకుంటిని గదయ్యా దానికి. మద్యాన్నానికే లాగేస్తే ఎట్లా?"

అలా అంటూనే ఆమె చూపు కుళాయి గట్టు మీదికి పోయింది. రంపం, ఉలి. పూజలో లేనివి. ఒక్క ఉదుటున లేచి కట్టెల దగ్గరికి పరుగెత్తింది. అడుగున తుమ్మ దిమ్మ భద్రంగా ఉంది. దాన్ని పనిముట్టని ఎవరూ అనుకోలేదు, అందుకే ఎవరూ బొట్టు పెట్టలేదు.

గాడి తీసిన టేకుపలకలు ఒకటి రెండు ఎక్కువ చేసిపెట్టుకోవడం ఆమె అలవాటు. చెక్కను బిగించే పట్టుగర్ర పూజలో ఉంది కాబట్టి పున్నయ్యను అరుగు మీద కూర్చోబెట్టి, పలక ఆయన మోకాళ్ళ మధ్య పెట్టింది. కదిలితే పండగ వంట లేదని చెప్పింది. సుత్తికి బదులు చపాతీ కర్ర. రంపం తుమ్మ దిమ్మను ఆనుకుని దిగుతుంటే యంత్రం రొద లేదు, చెక్క మాట్లాడుతున్నట్టే ఉంది. మొదటి మూల బిగుతై ఎక్కనంది. ఉలితో పొరంత గీరి, చపాతీ కర్రతో తట్టింది. పళ్ళు సందుల్లోకి దిగి కూర్చున్నాయి. ఎంత సంతోషమేసిందో! జిగ్‌తో అన్ని సొరుగులు చేసినప్పుడు కూడా ఆమెకు ఇలా ఒళ్ళు పులకరించలేదు.

సందెదీపం వేళకు నాలుగు మూలలూ కూర్చుకుంది. బంక పూసి, బస్తాల పురికొసతో బిగించి, పైన బియ్యం మూట ఎత్తింది. పున్నయ్య మోకాళ్ళు పట్టుకుపోయి కుంటుకుంటూ ఓళిగలు తిన్నాడు.

పొద్దున నూనె పూసి ట్రాక్టరు ట్రాలీలోనే అన్నీ బజారుకు తీసుకెళ్ళారు. రవితేజ వచ్చి మోయడానికి సాయపడ్డాడు. సొరుగులన్నీ బీరువాలోకి ఎక్కాక గురురాజ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ఇందులో పాతవి ఏవో చూపించమని శివపార్వతి నవ్వుతూ అడిగింది. ఆయన ఒక్కొక్కటే లాగాడు, మూలలు వేలితో తడిమాడు, కొన్నింటిని వదిలేశాడు. ఒక సొరుగు దగ్గర చెయ్యి ఆగింది.

"ఇదో, ఇది మా తాత చేయించిందే. ఈ పని ఇప్పుడు యాడ వస్తాదమ్మా?"

శివపార్వతి ఆ సొరుగు మూల చూసి గుర్తుపట్టింది. పున్నయ్య ఆగలేకపోయాడు.

"అది నిన్న సాయంత్రం చేసింది సావుకారప్పా. నా మోకాళ్ళ మద్దెనే."

గురురాజ సొరుగు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కొత్త బంక వాసన. ఆమె వంక ఒకసారి, సొరుగు వంక ఒకసారి చూసి, "ఆయ్తు" అని కన్నడంలో ఒప్పేసుకున్నాడు. పసుపుకొమ్ముల మూట విప్పి, అంగడిలో మొదటి దోసిలి ఆ సొరుగులోనే పోశాడు. తన కూతురికి నగల పెట్టె ఒకటి చేసిపెట్టాలని, యంత్రంతో కాకుండా ఇలాగే చెయ్యాలని అక్కడే చెప్పాడు. రవితేజ ఆ సొరుగును బయటికి లాగి, లోపలికి నెట్టి, మళ్ళీ లాగి చూశాడు.

ఇంటికొచ్చాక పున్నయ్య ఎరువు మూటలకు వరండాలోనే చెక్కబల్ల వేయించుకుంటానన్నాడు, అది కూడా ఆమే చెయ్యాలన్నాడు. పూజ పీటల మీంచి జిగ్‌నూ రౌటర్‌నూ దింపి షెడ్డులో సర్దాడు. తర్వాత కుంకుమ భరిణె పట్టుకుని తుమ్మ దిమ్మ దగ్గరికి వచ్చి, వేలు కుంకుమలో ముంచాడు. శివపార్వతి చప్పున దిమ్మను లాక్కుంది.

"దీనికి మాత్రం పెట్టొద్దయ్యా. వచ్చే ఏడు గూడా నువ్వే గదా ట్రాక్టరు నడిపేది."