బల్ల మీద ఆనించిన చెయ్యి

మెదడులోని డోపమైన్‌ను పసిగట్టే సెన్సర్లు తయారుచెయ్యడం ఆమె ఉద్యోగం. పెన్సిల్ ములుకంత కార్బన్ కడ్డీ కొసను తెల్లటి పొడితో అద్దంలా మెరిసేదాకా రుద్దాలి. వెంట్రుకకన్నా వేల రెట్లు సన్నని కార్బన్ గొట్టాలు కలిపిన నల్లటి చుక్కను దానిమీద వేసి ఆరబెట్టాలి. పూత కుదిరిందా, డోపమైన్ తగలగానే కంప్యూటర్ తెర మీద గీత చిన్న గుట్టలా లేస్తుంది.

ఆ పనిలో ఆమె తల పండుతున్న రోజుల్లో తమ్ముడి కుడిచెయ్యి వణకడం మొదలైంది. అతను దుకాణాల బోర్డులు రాసే పెయింటర్. స్కేలు పెట్టకుండా గీసినా దారం పట్టి లాగినట్టుండేది గీత. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోతున్నాయని డాక్టరు చెబితే, తమ్ముడికి ఆ పేరు కొత్త. అక్క రోజూ కొలిచేది దాన్నే.

ఒక ఆదివారం, ల్యాబ్ చూస్తానని తమ్ముడు వచ్చాడు. ఆమె చిన్న సీసా చూపించింది.

"ఇదేనా నాలో తక్కువైంది? ఓ గుక్క తాగేస్తే పోలా?"

"తాగినా మెదడులోకి వెళ్లదురా. అందుకే నీకా మాత్రలు."

"నాలాగే గుమ్మం దగ్గరే ఆగిపోయే రకం అన్నమాట!"

ఈమధ్య గుమ్మాల దగ్గర అతని కాళ్లు నేలకు అతుక్కుపోతున్నాయి. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె కడ్డీని ద్రావణంలో ముంచి మీట నొక్కింది. గీత నున్నగా సాగుతూ, ఉన్నట్టుండి రంపపు పళ్లలా మారింది. తీగలు సరిచూసింది. మళ్లీ అంతే. అప్పుడు కనిపించింది, బల్ల మీద ఆనించి దాన్ని అదురుస్తున్న తమ్ముడి చెయ్యి. ఆమె చూపు తిప్పేసుకుంది గానీ అప్పటికే అతనికి అర్థమైపోయింది. చెయ్యి తీసి చంకలో దాచుకున్నాడు.

"అచ్చం నా రాతలాగే ఉందే అక్కా" అన్నాడు మెల్లగా.

మళ్లీ ఎన్నిసార్లు పిలిచినా అతను ల్యాబ్‌కు రాలేదు.

ఉప్పునీటిలో బాగా పనిచేసిన సెన్సర్ రక్తపు సీరంలో పెడితే నిమిషాల్లో మూగబోయేది. ప్రొటీన్లు పూతకు అంటుకుని దాన్ని కప్పేసేవి. ఆమె పూతలు మారుస్తూ పోయింది. ఈలోగా తమ్ముడి గొంతు సన్నగిల్లింది, మింగడం కష్టమైంది. ఒకసారి అన్నం పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయింది. న్యుమోనియా అన్నారు. ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

మరుసటి ఏడు ఆమె కొత్త పూత సీరంలో పొద్దంతా నిలిచింది. తోటివాళ్లు చప్పట్లు కొట్టారు. ఆమె చేతులు కడుక్కుని వస్తానని బయటికి వెళ్లి, అటునుంచటే తమ్ముడి ఇంటికి, మరదలి దగ్గరికి వెళ్లిపోయింది.

అంతా విని మరదలు అడిగింది. "ఆయనకి పనికొచ్చేదా వదినా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "జబ్బు తగ్గించేది కాదమ్మా. ఎంతుందో చెబుతుందంతే. మనుషుల దాకా రావడానికి ఇంకా ఎన్నేళ్లో."

మరదలు ఖాళీ మంచం వైపు చూసింది.

"మాత్ర పనిచేస్తుందో లేదో తెలీక, ఇంకోటి వేసుకోవాలో వద్దో తెలీక, పొద్దున్నే మంచం అంచున బిక్కుబిక్కుమంటూ కూర్చునేవారు. ఎంతుందో తెలిసినా చాలుండేది వదినా."

తమ్ముడు పోయిన రోజు కూడా కన్నీళ్లు దిగమింగుకున్న మనిషి, మరదలి భుజాన తలవాల్చి వెక్కివెక్కి ఏడ్చింది.