ముట్టుకోవద్దన్న చేతులు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. నా పేరు సలోమి. నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, కాన్పుల వార్డులో నర్సుగా చానా ఏళ్ళు పనిచేశాను. మీరు చూస్తున్న ఈ తెల్లమచ్చలు మొదట పెదవి చివర వచ్చాయి, తరువాత వేళ్ళ మీదికి పాకాయి, చూస్తుండగానే రెండు చేతులూ మణికట్టు దాకా తెల్లబడిపోయాయి. ఇది అంటుకునే జబ్బు కాదని నాకు తెలుసు, కానీ తెలిసినంత మాత్రాన నా మనసుకు ఏమీ తేలిక కాలేదు.

ఒక ఉదయం అప్పుడే పుట్టిన బాబును తుడిచి, గుడ్డలో చుట్టి, బయట ఎదురుచూస్తున్న నాయనమ్మకు అందించబోయాను. చాచిన చేతులను ఆమె నా వేళ్ళు చూసి వెనక్కి తీసుకుంది.

"ఆ చేతులతోనా పిల్లోణ్ణి ముట్టుకుంది? ఇంకెవరూ దొరకలేదా మీకు?" అంది.

డాక్టరమ్మ వచ్చి, ఇది అంటుకోదని ఓపిగ్గా నచ్చజెప్పింది. నాయనమ్మ అంతా విని, "మీరు చెప్తే కాదంటానా అమ్మా, అయినా ఈమెను మా గదికి పంపబాకండి" అంది. ఇంకో నర్సు వచ్చి తీసుకునేదాకా బాబు నా చేతుల్లో ఏడుస్తూనే ఉన్నాడు.

ఆ తరువాత నన్ను కత్తెరలూ గిన్నెలూ ఉడకబెట్టే గదిలో వేశారు, అక్కడ కూడా నా టీ ఒక్కటే విడిగా కాగితపు కప్పులో వచ్చేది, చివరికి మేనేజరు పిలిచి, "నీ పనికి వంక పెట్టలేనమ్మా, కానీ జనం మనుషుల్ని చూసి వస్తారు గదా" అని చెప్పి మానిపించాడు. ఫోనులో వెంటనే రమ్మన్న ఆసుపత్రులవాళ్ళు మనిషిని చూశాక ఖాళీలు లేవన్నారు.

మన సంఘంలో కూడా, చెప్పడానికి బాధగా ఉన్నా చెబుతున్నాను, కూటాలకు వచ్చిన ఒక బోధకుడు నా తలమీద చెయ్యి పెట్టకుండా దూరం నుంచే, "ఏ పాపం దాచావో ఒప్పుకో, మచ్చలు పోతాయి" అన్నాడు. నేను నమ్మాను. చిన్నప్పటినుంచి చేసినవన్నీ వెతికి వెతికి ఒప్పుకున్నాను. మచ్చలు పోలేదు, మెడ మీదికి వచ్చాయి. దేవునికి కూడా నేనంటే అసహ్యమేమో అనిపించి ప్రార్థన మానేశాను, గుడికి రావడం మానేశాను, అమ్మ పెట్టిన అన్నం ముందు ఊరికే కూర్చునేదాన్ని.

వినుకొండలో ఒక ఆసుపత్రివాళ్ళు పనికి రమ్మంటే వెళ్ళాను. వాళ్ళు నన్ను కూర్చోమని కూడా అనలేదు. తిరిగి వస్తూ, మిట్టమధ్యాహ్నం, సాగర్ కాలువ దగ్గర బస్సు దిగిపోయాను. చచ్చిపోదామనే దిగాను. ఈ మాట మా అమ్మకు ఈరోజు దాకా తెలియదు. అమ్మా, ఏడవబాక, నేను ఇక్కడే ఉన్నాను.

గట్టు మీద నిలబడి, "ప్రభువా, కుష్ఠరోగిని ముట్టుకున్నావంట గదా, నాది కుష్ఠు కూడా కాదు, నన్నెందుకు ముట్టుకోవు? నాకిక చేతగాదు" అన్నాను. ఆకాశం తెరుచుకోలేదు. కొంచెం అవతల రేవులో బట్టలు ఉతుకుతున్న ఒకావిడ మాత్రం నావైపు చూసి కేకేసింది.

"ఏమ్మా, ఈ దుప్పటి ఆ కొస పట్టుకో. ఒక్కదాన్నే పిండలేకపోతన్నా."

దిగి వెళ్ళి పట్టుకున్నాను. ఆమె ఒకవైపుకు, నేను ఒకవైపుకు మెలిపెట్టాం. ఆమె పేరు మస్తాన్‌బీ. భర్త లారీల మెకానిక్కు, బండి కింద ఉండగా జాకీ జారి నడుము విరిగి మంచాన పడ్డాడు, వీపు కింద పుండ్లు పడ్డాయి, కట్టు కట్టే మనిషి వాసనకు ఆగలేక రావడం మానేశాడు. నర్సునని నోరు జారి చెప్పాను.

"అయితే ఒకసారి వచ్చి చూడవా తల్లీ" అంది.

"నా చేతులు చూశావా?" అన్నాను.

"చూశా. గట్టిగానే పిండావుగా. రా."

ఆ ఇంట్లో ఆయన నన్ను చూడగానే గోడవైపు తిరిగిపోయాడు. నాకు అలవాటైన సంగతే గదా అని గడపలోనే ఆగిపోయాను. "నిన్ను చూసి కాదు, తన ఒళ్ళు చూసి సిగ్గుపడతన్నాడు, రామ్మా" అంది మస్తాన్‌బీ. చేతులు కడుక్కుని, కట్టు కట్టే మనిషి వదిలేసిపోయిన గ్లౌజులు వేసుకున్నాను, మచ్చలు దాచుకోవడానికి కాకుండా పుండు కోసమే గ్లౌజులు వేసుకుని ఎన్నాళ్ళయిందో. శుభ్రం చేస్తుంటే ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"నొప్పెడతందా అన్నా?"

"అక్కడ నాకేం తెలవదమ్మా. నువ్వు మొహం తిప్పుకోలేదు, అందుకు."

రేపు మళ్ళీ కట్టు మార్చాలి, దూది తేవాలి అనుకుంటూ బస్సెక్కాను. కూర్చున్నాక తట్టింది, మధ్యాహ్నం నేను ఇక రేపనేదే వద్దనుకుని కాలవగట్టు మీద నిలబడ్డ మనిషినని. బస్సులో ముసుగు కప్పుకుని ఏడ్చాను. సహోదరులారా, ప్రభువు నన్ను విడిపించింది ఆ ఘడియలోనే.

అంతా బాగైపోయిందని మీకు అబద్ధం చెప్పను. మస్తాన్‌బీ భర్త లేచి నడవలేదు. పెద్ద పుండు మానకముందే ఆయన చనిపోయాడు, ఆ ఇంట్లో కూర్చుని నేనూ ఏడ్చాను. తరువాత ఆమే నన్ను ఇంకో రెండిళ్ళకు వెంటబెట్టుకుని వెళ్ళింది, ఇప్పుడు మంచాన పడ్డవాళ్ళకు కట్లు కట్టడమే నా పని. మొన్న గురజాలలో ఒక ఇంటివాళ్ళు నా మొహం చూసి తలుపు వేసుకున్నారు. లోపల ముసలావిడ మూలుగు వినబడుతూనే ఉంది. ఆమె కోసం ప్రార్థన చెయ్యండి.

మీ ఇంటికి సేవ చెయ్యడానికి ఎవరైనా వస్తే, నల్లగా ఉన్నా, లావుగా ఉన్నా, నాలా ఉన్నా, లోపలికి రానివ్వండి. ఇక బ్రతుకు చాలనిపించినవాళ్ళు ఈ కూటంలో ఉంటే, కూటం అయ్యాక నా దగ్గరికి రండి. ఇద్దరం కలిసి ప్రార్థన చేద్దాం. మాటలు రాకపోతే పక్కపక్కన ఊరికే కూర్చుందాం, ప్రభువు అక్కడికీ వస్తాడు. నన్ను ఇంకా బ్రతికించి ఉంచిన దేవునికే మహిమ.