అచ్చుతో కొట్టిన అడవి

మా పిన్నికి కోపం ముక్కు మీదే ఉంటుంది. డెబ్బై ఏళ్లు నిండినా ఆ ముక్కు మెత్తబడలేదు. అలాంటి మనిషి, ముఖమైనా చూడని ఎవరితోనో ఆరు నెలలపాటు కంప్యూటర్లో చెట్ల గురించి పోట్లాడిందంటే నాకు ఆశ్చర్యం లేదు. మధ్యలోకి నన్ను లాగడమే నా బాధ.

పిన్ని ముప్పై నాలుగేళ్లు పటాలు గీసే ఆఫీసులో పనిచేసింది. సర్వేకి వెళ్లినవాళ్లు తెచ్చిన చిత్తు కాగితాలను చూసి సిరాతో శుభ్రంగా గీయడం ఆమె పని. నా చిన్నప్పుడు సెలవుల్లో నన్నూ తీసుకెళ్లేది. కింద దీపం వెలిగే గాజు బల్లలు, వాటి మీద పల్చటి కాగితాలు, తప్పు గీతలు గోకడానికి సగానికి విరిచిన బ్లేళ్లు. మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పితే కూరల వాసనలో సిరా వాసన కలిసిపోయేది. అబ్బ, ఆ వాసన ఇప్పుడెక్కడ దొరుకుతుంది! ఆ గదిలో ఇప్పుడు స్కూటర్లు పెట్టుకుంటున్నారు.

అక్కడ చెట్లు వేయడానికి రెండు పద్ధతులుండేవి. మనుషులు నాటిన తోటైతే, వరుసలు చెక్కిన రబ్బరు అచ్చు తీసుకుని టపటపా కొట్టుకుంటూ పోవడమే. దానంతట అది పెరిగిన అడవైతే ఒక్కో చెట్టునూ చేత్తో గీయాలి, ఏ మూడూ ఒక వరుసలో పడకూడదు. "వరుస తప్పించి గీయడమే కష్టమే. చెయ్యి మాట వినదు," అనేది పిన్ని.

రిటైరయ్యాక, ఎవరైనా దిద్దగలిగే పటం ఒకటి కంప్యూటర్లో ఉందని తెలిసి అందులో పడింది. బావులు, గుట్టలు, పాత వంతెన అన్నీ ఎక్కించింది. పేచీ వచ్చింది ఒక్కచోటే. ఊరికి ఉత్తరాన వాగు పక్కనున్న పచ్చటి మేరను, పిన్ని ఆఫీసులో గీసిన పాత పటం చూసి ఎవరో "నాటిన తోట" అని రాశారు. పిన్ని దాన్ని "సహజమైన అడవి" అని మారుస్తుంది. వారం తిరక్కుండా "గుడ్లగూబ" అనే మారుపేరుగల ఒకతను మళ్లీ తోట చేస్తాడు.

"వాడి మొహం! నాన్న వేలు పట్టుకుని ఆదివారం ఆదివారం తిరిగిన అడవే అది. వాడా నాకు చెప్పేది?"

"పోనిద్దూ పిన్నీ. అడవైతేనేం, తోటైతేనేం?"

ఆ ఒక్క మాటకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

చివరికి గుడ్లగూబ మర్యాదగానే రాశాడు. "పైనుంచి తీసిన ఫోటోలో తేలడం లేదండీ. మీరు వెళ్లి చూసి చెప్పండి. మీ మాటే ఉంచుతాను." ఇంకేముంది, పిన్ని ఒంటికాలి మీద లేచింది. మోకాళ్లకు పట్టీలు బిగించి, ఆదివారం పొద్దున్నే నన్ను బస్సెక్కించింది. తాతయ్య పోయాక ఆమె అటు వెళ్లనేలేదు. దారి పొడవునా అవే కబుర్లు. వాగు ఒడ్డున ఒంకర చెట్టుకు ఆనుకుని తాతయ్య కునుకు తీసేవాడట, మా అమ్మా పిన్నీ నీళ్లలో కాళ్లు ఆడిస్తూ కూర్చునేవారట. అమ్మ లేదు కదా, ఆ కబుర్లు ఎన్నిసార్లు విన్నా నాకు విసుగు రాదు.

బస్సు దిగి చూస్తే, వరుసలు. ఒకే ఎత్తు, ఒకే లావు, ప్రతి చెట్టుకూ తెల్లరంగుతో అంకె. ఇటునుంచి చూస్తే అటు చివరిదాకా కనిపిస్తోంది. పాత చెట్లేవని పిన్ని కేకేసింది.

కాపలా మనిషి గుడిసెలోంచి బయటికొచ్చాడు. "పాత చెట్లా? అవి కొట్టేసి ముప్పై ఏళ్లు దాటింది కదమ్మా. అడవైతే పైనుంచి అనుమతి కావాలట. పటంలో తోట అనే ఉందని ఎవర్నీ అడక్కుండానే కొట్టేశారు."

పిన్ని అక్కడే గట్టు మీద కూలబడింది. "ఆ పటం గీసింది నేనేనే," అంది.

"ఎప్పుడు?" అన్నాను.

"ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. శనివారం. ఈ అడవొక్కటే మిగిలింది, మూడొందల చెట్లు గీయాలి. ఇంతలో ఆస్పత్రి నుంచి కబురు, అక్కకి పురుడు కష్టంగా ఉందని. అచ్చు తీసుకుని టపటపా కొట్టేసి పరిగెత్తాను. సోమవారం గోకేసి మళ్లీ గీద్దామనుకున్నా. సోమవారం నిన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. తిరిగొచ్చేసరికి పటం అచ్చుకెళ్లిపోయింది. చెబితే ఉద్యోగం ఊడుతుందని నోరు మూసుకున్నాను."

నేను పుట్టిన రోజున ఒక అడవి తోటైపోయిందని నలభై ఆరేళ్లకు తెలిసింది. ఆమె పక్కనే కూర్చున్నాను. నాకూ ఏడుపొచ్చింది.

మమ్మల్ని చూసి జాలిపడ్డాడో ఏమో, కాపలా మనిషే చెప్పాడు. "వాగు మలుపు దగ్గర కాస్త మిగిలిందమ్మా. అక్కడికి లారీ దిగదని వదిలేశారు."

పిన్ని చెయ్యి పట్టుకుని దించాను. మలుపులో గుప్పెడు చెట్లు, ఏదీ ఏ వరుసలోనూ లేదు. సాయంత్రందాకా అక్కడే, ఒక ఒంకర చెట్టు కింద కూర్చున్నాం.

మర్నాడు ఆ మేరను పిన్నే స్వయంగా "నాటిన తోట" అని రాసింది. "మీరు చెప్పిందే నిజం," అని గుడ్లగూబకు ఒప్పుకుంది. ఆమె ఎవరికైనా అలా ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. తర్వాత వాగు మలుపు తెరిచి, ఒక్కో చెట్టుకూ ఒక్కో చుక్క పెట్టడం మొదలుపెట్టింది. మూడు రోజులు పట్టింది. "చుట్టూ ఒక గీత గీసి అడవి అని రాస్తే చాలు కదండీ?" అని గుడ్లగూబ అడిగాడు.

"చాలు. కానీ ఒకసారి తొందరపడ్డాను బాబూ," అని రాసింది పిన్ని.

నన్ను లెక్క చూడమంది. "ఇరవై ఆరు," అన్నాను.

"సరిగ్గా చూడవే. ఇంకోటుంది," అంటూ కళ్లజోడు తుడుచుకుంది. "ఆ ఒంకర చెట్టు, నాన్న ఆనుకుని కూర్చునేది."